చేమాకు ఎండబెట్టి కొబ్బరిపాలతో వండటం ఎవరికైనా తెలుసా? 30వ తేదీ లోపు కావాలి (దుబాయ్)

నాగాయలంక పిల్ల · నవంబర్ 20

అందరికీ నమస్కారం. నేను కరామాలో ఉంటాను, ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అడిగేది వంట గురించే. కానీ సంగతంతా చెప్పకపోతే ఒక కూర కోసం ఇంత టెన్షన్ ఎందుకో మీకు అర్థం కాదు. కాస్త ఓపిగ్గా చదవండి.

నా రూమ్మేట్ ఫిలిప్పీన్స్ ఆవిడ. నలభై ఆరేళ్లు. నేను ఆమెను అతె అని పిలుస్తాను, వాళ్ల టగాలోగ్ భాషలో అక్క అని. ఫ్లాట్‌లోకి వచ్చిన కొత్తలో అందరూ అతె, అతె అంటుంటే ఈమె ఇంతమందికి అత్త ఎలా అయిందా అనుకున్నాను. నన్నామె బున్సో అంటుంది, అంటే ఇంట్లో ఆఖరి పిల్ల. మా ఇంట్లో నేను పెద్దదాన్ని. ముగ్గురు తమ్ముళ్లకు అన్నం కలిపి పెట్టి పెరిగాను. నన్ను చిన్నపిల్లలా చూసే మనిషి నాకు ఈమె ఒక్కతే.

నాకు కరోనా వచ్చిన పది రోజులూ ఆమె హాల్లో పరుపు వేసుకుని పడుకుంది. పొద్దున్నే గది తలుపు ముందు గిన్నె పెట్టి, తట్టి, పక్కకు జరిగేది. అందులో లుగావ్ ఉండేది. బియ్యం మెత్తగా ఉడికించి అల్లం దంచి వేసి, పైన వేయించిన వెల్లుల్లి చల్లిన జావ. మా అమ్మ జ్వరానికి కాచే జావలో వెల్లుల్లి ఉండదు, అంతే తేడా. గదిలో ఒక్కదాన్నీ కూర్చుని అది తాగుతూ ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పటికీ నేను డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చినా, నోట్లో ముద్ద ఉండగానే "కాయిన్ తాయో" అంటుంది. రా, తిందాం అని. నేను తిని వచ్చానని చెప్పినా ప్లేట్ తీస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆమెది బికోల్ ప్రాంతంలో అల్బాయ్, మయోన్ అగ్నిపర్వతం పక్కన ఊరు. ఆ కొండ 2006లో రగిలి బూడిద కక్కింది. అదే ఏడాది నవంబర్ 30న రెమింగ్ తుఫాను వచ్చింది (బయట దాన్ని డురియన్ అన్నారు). కుండపోత వానకు కొండ మీది బూడిద, రాళ్లు బురదగా మారి ఊళ్ల మీదకి దిగాయి. అతె ఏడాది కూతుర్ని చంకనేసుకుని తల్లితో కలిసి బయటపడింది. తండ్రి గేదెను విప్పడానికి వెనక్కి వెళ్లాడు. ఇంక రాలేదు. ఇల్లూ పోయింది. ఆ ఇల్లు మళ్లీ కట్టడానికే 2008లో ఆమె దుబాయ్ వచ్చింది. ఇల్లు కట్టింది. ఇంకా ఇక్కడే ఉంది, కూతురు అక్కడి లెగాస్పి నగరంలో నర్సింగ్ చదువుతోంది.

ఏటా నవంబర్ 30న ఆమె ఒక్కటే వండుతుంది. చేమాకును కొబ్బరిపాలలో ఉడికించే కూర. మనీలా వాళ్లు లాయింగ్ అంటారు, వాళ్ల ఊళ్లో నాతొంగ్ అంటారట. వాళ్ల నాన్నకు ఇష్టమైన కూర. ఒక చిన్న ప్లేట్‌లో పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, పక్కన ఫొటో పెడుతుంది. ఫొటోలో ఆయన పాత గంటగోపురం ముందు నిలబడి ఉంటాడు. అది కాగ్సావా చర్చిది, 1814లో ఇదే కొండ పేలినప్పుడు చర్చి పూడిపోగా గోపురం మాత్రం మిగిలింది. ఆ తర్వాత మేమందరం కూర్చుని చేతులతో తింటాం.

మాది నాగాయలంక. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. మా నాయనమ్మ ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఆమె ఉన్నన్నాళ్లూ నవంబర్ 19న మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. నేను ఇది చెప్పినప్పుడు అతె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మ కూడా మొదటి ఏడాది వండలేదు" అంది. ఆ రోజు నుంచే మేం ఉట్టి రూమ్మేట్లం కాకుండా పోయాం.

ఈ నెల మొదట్లో ఆమె మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. సెలూన్‌లో గోళ్లు చేసే పని ఆమెది. కుడిచెయ్యి లేకపోతే కమిషన్ లేదు. కూతురికి ఈ సంగతి చెప్పలేదు. వీడియో కాల్‌లో ఫోన్‌ని పంచదార డబ్బాకు ఆనించి, కట్టు ఉన్న చెయ్యి బల్ల కింద పెట్టుకుంటుంది. తింటుండగా కాల్ వస్తే ప్లేట్ పక్కకు తోసేసి "తినేశాను" అంటుంది. ఎడమచేత్తో స్పూన్ పట్టుకుంటే పిల్ల కనిపెట్టేస్తుందని.

ప్రతి ఏడాదీ వాళ్లమ్మ ఆకు ఎండబెట్టి ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపేది. ఈసారి ఎవరూ రాలేదు. "ఈ ఏడాదికి వద్దులే బున్సో" అంటోంది అతె. నాకు వండి పెట్టాలని ఉంది, ఆమెకు చెప్పకుండా. ఇక్కడ చేమాకు ఎక్కడ దొరుకుతుంది? ఫ్లాట్‌లో ఎలా ఎండబెట్టాలి? గొంతు దురద రాకుండా మనం చింతపండు వేస్తాం కదా, ఇందులో వేయొచ్చా? ఇందులో వాళ్లు వేసే పంది మాంసం నేను వండలేను, దాని బదులు ఏం వేయాలి?

పాత కరామా · నవంబర్ 20

అమ్మా, ఆకు గురించి దిగులు పడొద్దు. గుజరాతీ వాళ్లు పాత్రా అనే వంటకం చేసుకునేది ఈ ఆకుతోనే. బర్ దుబాయ్‌లో, మీ కరామాలో కూడా గుజరాతీ సరుకులమ్మే కూరగాయల కొట్లో పాత్రా ఆకు అని అడగండి. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రానికి వాడిపోతుంది. లేత ఆకు తీసుకోండి. కాడ నల్లగా ఉండే రకం దురద తక్కువ అని మా అమ్మ అనేది.

చింతపండు తప్పకుండా వేయండి. మా గోదావరి జిల్లాలో చేమాకు పులుసు చింతపండు లేకుండా ఊహించలేం. గొంతు పట్టుకుంటే ఆ రోజు పాడైపోతుంది.

నేను 2003లో వచ్చాను. బెడ్‌స్పేస్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, ఇద్దరు ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు. వాళ్లు ఎండుచేప వేయిస్తే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొట్టేవాళ్లు. మేం నెత్తళ్లు వేయించినా కొట్టేవాళ్లు. అందుకని రెండూ ఒకే రోజు, ఒకేసారి వేయించుకునేవాళ్లం. మీ పోస్ట్ చదివి వాళ్లిద్దరూ గుర్తొచ్చారు. ఒకతను ఇప్పుడు కెనడాలో ఉన్నాడు. ఇవాళే మెసేజ్ పెట్టాను.

దవావో డాక్టర్ · నవంబర్ 21

నేను ఎంబీబీఎస్ కోసం ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఆరేళ్లు ఉన్నాను. ఇప్పుడు గుంటూరులో ప్రాక్టీస్. మా హాస్టల్ వంటావిడది బికోల్. మేమందరం ఆమెను నానాయ్ అనేవాళ్లం, అంటే అమ్మ. వారానికోసారి ఈ కూర చేసేది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

చింతపండు వద్దండి. పెద్దాయన చెప్పింది మన పులుసుకు సరైనదే. కానీ కొబ్బరిపాలలో పులుపు పడితే విరుగుతుంది, పైగా అది మీ అతె వాళ్ల నాన్న తిన్న కూర కాకుండా పోతుంది. దురదకు కారణం ఆకులో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. బికోల్ వాళ్ల విరుగుడు ఏమిటంటే ఆకు ఎండబెట్టడం, చాలాసేపు ఉడికించడం. ముప్పావు గంటకు తక్కువ వద్దు, గంటయితే నయం. ఇంకొక నియమం నానాయ్ గరిటె చూపించి మరీ చెప్పేది. ఆకు వేశాక కలపకూడదు. పాలు పీల్చుకుని ఆకు దానంతట అది కిందికి కుంగేదాకా ముట్టుకోకూడదు. గరిటెతో మెల్లగా అదమవచ్చు, అంతే. తొందరపడి కలిపితే దురదొస్తుందని వాళ్ల నమ్మకం. నేను ఆరేళ్లలో ఒక్కసారి కూడా కలిపి చూడలేదు.

కొలతలు: 100 గ్రాముల ఎండాకుకు లీటరు పలచటి కొబ్బరిపాలు, రెండు గ్లాసుల చిక్కటి పాలు. పలచటి పాలలో దంచిన అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి మరిగించండి. ఎండు రొయ్యలు వేయండి. వాళ్లు బాలావ్ అనే రొయ్యల ముద్ద వేస్తారు, ఫిలిప్పీనో సరుకుల కొట్లో బాగూంగ్ అని అడిగితే ఇస్తారు. అది వేస్తే ఉప్పు చూసుకుని వేయండి. పైన ఆకు పరిచి సన్నమంట మీద పెట్టండి. ఆకు కుంగాక చిక్కటి పాలు, మిరపకాయలు. నూనె పైకి తేలేదాకా ఉంచండి. మిరపకాయల దగ్గర మొహమాటం వద్దు. ఫిలిప్పీన్స్‌లో మనలా కారం తినడానికి పేరుపడ్డవాళ్లు బికోల్ వాళ్లు.

ఇంకో మాట. అక్కడికి వెళ్లిన మొదటి నెల తిండి పడక ఐదు కిలోలు తగ్గాను. ఒక శుక్రవారం నానాయ్ పెసలు మెత్తగా ఉడికించి మునగాకు వేసి గిన్నెలో పోసింది. వాళ్లు మోంగో అంటారు. ఎండు చేప ముక్కలు తీసేసి తిన్నాను. అచ్చం మా ఊళ్లో మా అమ్మమ్మ చేసే పెసరపప్పు మునగాకే. రెండోసారి అడిగితే ఆమె ముఖం చూడాలి. ఆ తర్వాత ఆరేళ్లూ శుక్రవారం నా గిన్నెలో చేప ముక్కలు లేకుండా విడిగా తీసి ఉంచింది.

నాగాయలంక పిల్ల · నవంబర్ 22

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆకు దొరికింది! బర్ దుబాయ్‌లో, పొద్దున ఏడున్నరకు. పదిహేను కట్టలు తెచ్చాను, ఎండితే ఎంతకు తగ్గుతుందో తెలియక. క్లినిక్‌లో నా లాకర్ నిండా చేమాకే. రొయ్యల ముద్ద అక్కర్లేదనుకుంటున్నాను, అమ్మ వేసవిలో పంపిన ఎండు రొయ్యలు ఫ్రీజర్‌లో అరకిలో ఉన్నాయి.

ఎండబెట్టడమే సమస్య. బాల్కనీలో పెడితే అతె చూస్తుంది. అవెన్‌లో పెట్టొచ్చా?

రాజంపేట టు కువైట్ · నవంబర్ 22

చెల్లీ, నేను కువైట్‌లో ఒక ఇంట్లో పద్నాలుగేళ్లుగా వంట చేస్తున్నాను. మాది రాజంపేట. నాతో పాటు పిల్లల్ని చూసుకునే ఫిలిప్పీన్ ఆమె తొమ్మిదేళ్లు ఉంది, ఒకే గది, ఒకే బీరువా. ఆకు సంగతి వాళ్లు చెప్పారు. నేను వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

ఆమెకు చెప్పకుండా వండొద్దు.

ఆమె వాళ్లమ్మ చనిపోయిన ఏడాది ఆమెకు టికెట్ దొరకలేదు, ఇంటివాళ్లు పంపలేదు. నేను ఆమెను సంతోషపెడదామని ఎవరినో అడిగి అడోబో వండాను. కోడి, సోయా సాస్, వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు, బిరియానీ ఆకు. అన్నీ సరిగ్గానే వేశాను. ప్లేట్ ముందు పెడితే ఒక ముక్క నోట్లో పెట్టుకుని దించేసింది. రాత్రి దీపం ఆర్పాక చెప్పింది, "వెనిగర్ పోశాక కలిపావు కదా. అమ్మ మరిగేదాకా ముట్టనిచ్చేది కాదు." తప్పు పట్టి అనలేదు పాపం. వాళ్లమ్మ వంట అనుకుని నోరు తెరిచింది, వాళ్లమ్మ వంట కాదు. ఆ రోజు నేను ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే ఆమే చెప్పి ఉండేది, కలపొద్దని. చెప్పడమే ఆమెకు కావాల్సింది.

తర్వాత ఏడాది అట్లానే చేశాం. నేను పొయ్యి దగ్గర, ఆమె స్టూలు మీద. వంట అయ్యేలోపు వాళ్లమ్మ గురించి నాకు తెలియని సంగతి లేదు. ఆ మాటల్లోనే తెలిసింది వాళ్ల భాషలో కూడా ముఖాన్ని ముఖా అంటారని, ఆశను ఆసా అంటారని, టీచర్‌ను గురో అంటారని. ఇద్దరం ఎంత నవ్వుకున్నామో.

శుక్రవారం సెలవు ఇచ్చినప్పుడు ఆమె చర్చికి, నేను మన తెలుగువాళ్లు చేరే మాలియాకు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె నాకు బిబింగ్కా అనే బియ్యప్పిండి కేకు తెచ్చేది, నేను ఆమెకు మిర్చి బజ్జీలు. ఊరికి పెట్టెలు కూడా కలిసే కట్టేవాళ్లం. ఆమెది బాలిక్‌బయాన్ పెట్టె, నాది కార్గో. రెండింట్లోనూ అవే పాల పొడి డబ్బాలు, అవే సబ్బులు, అవే దుప్పట్లు. మోకాలితో అదిమి టేపు వేసేది నేనే, ఆమె సన్నగా ఉండేది.

చెల్లీ, చెయ్యి విరిగిన మనిషికి వండి పెట్టేవాళ్లు దొరకొచ్చు. నువ్వు చెప్పు, నేను చేస్తానని అనేవాళ్లు కావాలి. ఆలోచించు.

దవావో డాక్టర్ · నవంబర్ 22

అక్క చెప్పిందే నిజం. నేను కొలతలు చెప్పానే గానీ ఈ మాట తోచలేదు. అవెన్ వద్దు, పొడిపొడి అయిపోతుంది. ఆమెకు చెప్పేస్తే బాల్కనీలోనే ఆరబెట్టుకోవచ్చు. మందమైన ఈనె తీసేసి, చింపి, గుడ్డ మీద నీడపట్టున పరచండి. దుబాయ్ గాలికి రెండు మూడు రోజులు చాలు.

నాగాయలంక పిల్ల · డిసెంబర్ 1

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. రాజంపేట అక్కా, మీ మాట చదివి ఆ రాత్రే లాకర్‌లోని ఆకంతా తెచ్చి మంచం మీద పెట్టాను. అతె చూసింది. ఒక ఆకు తీసి వెనక్కి తిప్పి, ఈనె మీద గోరుతో గీసి, వాసన చూసింది. "లేతది" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. లేచి తన పాత దుప్పటి తెచ్చి బాల్కనీలో పరవబోయింది. ఒక్క చేత్తో పరవడం రాక చివర పంటితో పట్టుకుంది. నేను వెళ్లి రెండో చివర పట్టుకున్నాను.

నిన్న మధ్యాహ్నం వండాం. ఆమె స్టూలు మీద, నేను పొయ్యి దగ్గర, అక్క చెప్పినట్టే. ముందుగా ఆమె చేసిన పని ఏమిటంటే, గట్టు మీదున్న నా చింతపండు డబ్బా ఎడమచేత్తో తీసి పై అరలో పెట్టేసింది. పాత కరామా బాబాయిగారూ, మీరు బాధపడకండి, మిగిలిన పచ్చి ఆకుతో రేపు మీ పులుసు పెడతాను.

టిన్ను పాలు ఒప్పుకోలేదు. నాలుగు కొబ్బరికాయలు కోరించింది. మొదటి పిండు ఒక గిన్నెలో, రెండోది ఇంకో గిన్నెలో. పిప్పిని ఇంకోసారి పిండమంది, అందులో ఇంకా ఉందని. నా అరచేతులు మండిపోయాయి. అల్లం ముక్క పెద్దదే తీసుకుంది. ఎండు రొయ్యల డబ్బా తెరవగానే ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. వాళ్ల ఊరి సంతలో ఇదే వాసనట.

ఆకు వేశాక అసలు పరీక్ష. ఒక పక్క ఆకు ఎండుగా పైకి లేచి ఉంది, అడుగంటుతుందేమోనని నా చెయ్యి గరిటె మీదకే పోతోంది. ఆమె "ఊఁ ఊఁ" అంటూ నా మణికట్టు పట్టుకుంది. ఇరవై నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చుంది. ఆ ఇరవై నిమిషాల్లో వాళ్ల నాన్న గురించి చెప్పింది. కూర ఉడుకుతుంటే ఆయన మూత తీసి చూసేవాడట, వాళ్లమ్మ గరిటెతో వేళ్ల మీద కొట్టేదట. గేదె పేరు కూడా చెప్పింది. ఆరేళ్లలో ఆ గేదెకు ఒక పేరుందని నాకు తెలియదు. ఆకు మెల్లగా నల్లబడి పాలలోకి కుంగింది. అప్పుడు నా చెయ్యి వదిలేసి "ఇప్పుడు" అంది.

పది మిరపకాయలు వేశాను. ఇంకో అయిదు వేయించింది.

గొంతు దురద రాలేదు డాక్టర్ గారూ. నలుగురం తిన్నాం, ఎవరికీ రాలేదు.

కొవ్వొత్తి, ఫొటో, చిన్న ప్లేట్ అన్నీ పెట్టాక ఆమె ఫోన్ తీసుకుంది. మాకు మధ్యాహ్నం మూడు, వాళ్లకు రాత్రి ఏడు. ఎప్పటిలా పంచదార డబ్బాకు ఆనించింది. కూర చూపించాలని ప్లేట్ ఎత్తబోతే ఎడమచేతిలో అది వంగిపోయింది, కింద ఆసరాకి కట్టు చెయ్యి తెచ్చింది. స్క్రీన్ మీద కూతురు నోరు తెరిచి ఆగిపోయింది. తర్వాత ఒకటే అరుపులు, ఏడుపు, టగాలోగ్‌లో కాదు, వాళ్ల బికోల్ భాషలో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతె తల వంచుకుని వింది. కాసేపటికి ఫోన్ నా వైపు తిప్పింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని ఇంగ్లిష్‌లో నన్ను అడిగింది, ఎక్స్‌రే చూశావా, ఎముక సరిగ్గా అతుకుతోందా, వేళ్లు కదుపుతోందా అని. నర్సింగ్ మూడో ఏడాది కదా. అన్నీ చెప్పాను. ఇక నుంచి ప్రతి ఆదివారం నేను కట్టు ఫొటో పంపాలని మాట తీసుకుంది. నన్ను అతె అని పిలిచింది.

తర్వాత ముసలమ్మ వచ్చింది ఫోన్‌లోకి. మనవరాలి చేతిలోంచి ఫోన్ లాక్కుని కూరను దగ్గరగా చూపించమంది. చాలాసేపు చూసింది. రంగు ఇంకా పచ్చగా ఉంది, ఆకు ఇంకొక రోజు ఎండాల్సింది అంది. అందులో ఉన్న చిన్న ఎర్ర రొయ్యలేమిటని అడిగింది. మా ఊరివి, మా అమ్మ ఎండబెట్టినవి అని అతె చెప్పింది. ముసలమ్మ ఏదో అంది, అతె నవ్వింది. ఈ నెల రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. ఏమందని అడిగితే, "తనకూ కావాలట. వచ్చే ఏడాది ఆకు రెండు పొట్లాలు పంపుతుందట, ఒకటి నీకు" అంది.

అతె ఊరికి పంపే పెట్టె జనవరిలో ఓడ ఎక్కుతుంది. ఫ్రీజర్‌లో ఇంకా పావుకిలో పైనే రొయ్యలున్నాయి. వాసన పట్టకుండా మూడు కవర్లలో కట్టి, దుప్పట్ల మధ్య పెడదామనుకుంటున్నాం. పెట్టె అదిమి టేపు వేసే పని ఈసారి నాది.